వెర్సాయ్ రాయల్ చాపెల్ చూసే ముందు జాగ్రత్తలు

• ఈ చాపెల్ అంటే పారిస్ దగ్గరి వెర్సాయ్ ప్యాలెస్‌లో రాజుల ప్రార్థనా మందిరం. సోమవారం ప్యాలెస్ మూసి ఉంటుంది. పారిస్‌లో ఉన్న వారంలో ఆ రోజును ముందే కొట్టేయండి.

• పారిస్ శివార్లకు వెళ్లే ఆర్‌ఇఆర్ సి లైను రైళ్లన్నీ వెర్సాయ్‌కి పోవు. బోర్డు మీద ‘వెర్సాయ్ షాటో రివ్ గోష్’ అని ఉంటేనే ఎక్కండి.

• పెద్ద సూట్‌కేసు వద్దు, లోపలికి రానివ్వరు. సెల్ఫీ స్టిక్, ట్రైపాడ్ కూడా అంతే. ఫోన్‌లో ఫ్లాష్ ముందే ఆపేయండి.

• మామూలు టికెట్‌తో చాపెల్ మధ్యలోకి వెళ్లి తిరగలేరు, గుమ్మం దగ్గర నుంచే చూడాలి. అక్కడ తోపులాట తప్పదు. ఫొటో కోసం టెన్షన్ పడకుండా ముందు తల పైకెత్తండి: పైకప్పు మీద ముగ్గురు చిత్రకారుల పని కనిపిస్తుంది, మధ్యలో కొయ్‌పెల్, బలిపీఠం పైన లా ఫోస్, రాజు కూర్చునే పైఅంతస్తు మీద జూవ్‌నే వేసిన చిత్రాలు. తర్వాత కింద రంగురంగుల పాలరాతి నేల. 1710లో పూర్తయిన ఈ చాపెల్‌లోనే 1770లో, తర్వాత ఫ్రాన్స్ రాజైన పదహారో లూయీ, మేరీ ఆంటోనెట్‌ల పెళ్లి జరిగింది.

• లోపల కూర్చోవాలనుంటే అక్కడ జరిగే సంగీత కచేరీ టికెట్ విడిగా కొనండి. నన్నడిగితే, చాపెల్‌లోని ఆర్గన్ (గొట్టాల్లోంచి గాలితో మోగే పెద్ద వాద్యం) వినడానికి పెట్టే ఖర్చు దండగ కాదు.

• నడక ఎక్కువ. కొత్త చెప్పులు వేసుకోకండి.