క్రిస్మస్ మాకరాన్లు – 3వ పాఠం: రంగు, ఆకారం, ఐసింగ్

పోయిన పాఠంలో గుండ్రటి తెల్ల షెల్స్ (మధ్యలో ఫిల్లింగ్ పెట్టి జతగా అంటించే మాకరాన్ బాదం బిళ్లలు) చేయమన్నాను. నాలుగైదు దాచి ఉంచితే ఇప్పుడు ముందు పెట్టుకోండి. పైభాగం నున్నగా ఉందా? ఫీట్ (షెల్ అడుగు అంచున నురగలా లేచే పట్టీ) చుట్టూ ఒకే ఎత్తులో లేచాయా? ఈ రెండూ కుదిరితే ముందుకు పోదాం. లోపల కాస్త డొల్లగా ఉన్నా కంగారు పడక్కర్లేదు, ఫిల్లింగ్ తేమకి చాలావరకు సర్దుకుంటుంది. పైన పగుళ్లు వస్తుంటే మాత్రం రెండో పాఠమే మళ్లీ చేయండి. స్నోమ్యాన్ ముఖాన పగులు పడితే దాన్ని ఏ ఐసింగూ దాచలేదు.

అలంకరణ అనగానే చాలామందికి ఐసింగ్ కోనే గుర్తొస్తుంది. నన్నడిగితే పనిలో సగానికి పైగా పిండి దగ్గరే అయిపోవాలి. రంగు పిండిలో పడాలి, ఆకారం ట్రే మీద రావాలి. ఐసింగ్‌కి మిగిలేది కళ్లు, గుండీలు, ఒకటి రెండు గీతలు. ఎందుకంటే మాకరాన్ పిండిలో సగం బరువు పంచదారే. తడి తగిలితే షెల్ కరగడం మొదలుపెడుతుంది. బిస్కెట్ మీద పోసినట్టు పల్చటి ఐసింగ్ పోస్తే అది ఆరేలోపు కింద షెల్ మెత్తబడి గుంట పడుతుంది.

కొలతలు మారలేదు: తెల్లసొన 100 గ్రాములు, సన్న పంచదార 100, బాదం పొడి 130, ఐసింగ్ షుగర్ 130. మూడున్నర సెంటీమీటర్ల గుండ్రాలైతే 50 నుంచి 60 షెల్స్ వస్తాయి. చెట్లు, టోపీలు అయితే ఆ లెక్క తగ్గుతుంది.

రంగులు

సీసాల్లో దొరికే నీళ్ల రంగులు పక్కన పెట్టండి. జెల్ గానీ, పొడి రంగు గానీ వాడాలి. చాక్లెట్ కోసం అమ్మే నూనె రంగులు మెరాంగ్‌లో (పంచదార వేసి గిలక్కొట్టిన తెల్లసొన నురగలో) అస్సలు వేయొద్దు, కొవ్వు తగిలితే నురగ దిగిపోతుంది.

క్రిస్మస్ రంగుల్లో మూడూ తలనొప్పివే. ఎరుపు ముదరాలంటే చాలా వేయాలి. అంత జెల్ వేస్తే తేమ పెరిగి షెల్స్ పైన పొర కట్టవు. కాబట్టి ఎరుపుకి పొడి రంగే నయం. పచ్చిపిండి మీకు కావలసినదానికంటే ఒక మెట్టు ముదురుగా కనిపించాలి, ఓవెన్‌లో పాలిపోతుంది. ఆకుపచ్చ వేడికి పసుపు వైపు జారుతుంది, అందుకని ఒక చుక్క నీలం కలిపితే చెట్టు చెట్టులా ఉంటుంది.

తెలుపు ఇంకో కథ. బాదం వల్ల పిండి ఎప్పుడూ మీగడ రంగులోనే ఉంటుంది. తెల్ల రంగుల్లో టైటానియం డయాక్సైడ్ ఉన్నవి బాగా తెల్లగా చేస్తాయి కానీ యూరోపియన్ యూనియన్ 2022లో దాన్ని ఆహారంలో నిషేధించింది. లేబుల్ చదివి మీరే నిర్ణయించుకోండి. నేనైతే రంగు వేయకుండా తొక్క తీసిన బాదం పొడితోనే చేసి, ఓవెన్ వేడి 140 డిగ్రీలకి తగ్గించి రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉంచుతాను. పై అరలో ఒక ఖాళీ ట్రే పెడితే పైనుంచి వేడి నేరుగా తగలదు, షెల్ గోధుమ రంగుకి తిరగదు. మీగడ రంగు స్నోమ్యాన్‌ని చూసి ఎవరూ మొహం చిట్లించరు.

ఒకే వాయిలో మూడు రంగులు కావాలంటే, బాదం పొడి మెరాంగ్‌లో కలిసీ కలవనట్టు ఉన్నప్పుడే ఆపి, తూకం వేసి మూడు గిన్నెల్లోకి పంచండి. మొత్తం పిండి 460 గ్రాములు ఉంటుంది, గిన్నె గోడలకి అంటుకునేది పోను మిగిలిందాన్ని భాగాలు చేసుకోవాలి. ఆ తర్వాత ఒక్కో గిన్నెలో రంగు వేసి మాకరోనాజ్ (పిండి జారేదాకా గరిటెతో తిప్పి కలపడం) పూర్తి చేయాలి. పూర్తయ్యాక పంచితే రంగు కలిపేసరికి పిండి జారిపోతుంది. ఒక మాట గుర్తుంచుకోండి: చిన్న గిన్నెలో పిండి తొందరగా పల్చబడుతుంది. పెద్ద గిన్నెలో అలవాటైన చేతిని ఇక్కడ నమ్మొద్దు, నాలుగైదు తిప్పులకోసారి గరిటె ఎత్తి చూడండి.

ఎక్కడ ఆపాలి

గుండ్రాలకి గరిటె నుంచి రిబ్బన్‌లా తెగకుండా జారాలని, కింద పడ్డ గీత పది, పదిహేను సెకన్లలో కలిసిపోవాలని చెప్పాను. ఆకారాలకి అంతకంటే ముందే ఆపాలి. రిబ్బన్ జారాలి, కానీ మధ్యమధ్యలో తెగాలి. పడ్డ గీత కలిసిపోవడానికి ఇరవై, ముప్పై సెకన్లు పట్టాలి. చెట్టు కొస, టోపీ కొస నిలిచేది ఈ తేడా వల్లే. మరీ ముందే ఆపితే పైన పైపింగ్ (బ్యాగ్‌లోంచి నాజిల్‌తో పిండి వేయడం) గుర్తులు అలాగే ఉండిపోతాయి. ఒక స్పూను పిండి ప్లేటు మీద వేసి చూడండి. కొస ఒక వైపుకి మెల్లగా వాలి అణిగితే సరే.

బొమ్మలు కాగితం మీద గీసుకుని పార్చ్‌మెంట్ పేపర్ కింద పెట్టండి, పైపింగ్ అయ్యాక మెల్లగా లాగేయండి. పిండి పరుచుకుంటుంది కాబట్టి గీతకి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలే ఆగాలి. స్నోమ్యాన్‌కి కింద మూడున్నర, పైన రెండున్నర సెంటీమీటర్ల గుండ్రాలు ఒకదానికొకటి తగిలేలా వేస్తే అవే కలిసిపోతాయి. చెట్టుకి 8 మిల్లీమీటర్ల నాజిల్‌తో అడుగు నుంచి పైకి అడ్డంగా వంకర్లు తిప్పుతూ వెళ్లి, కొసను టూత్‌పిక్‌తో లాగాలి.

వాలిన టోపీ, మేజోడు లాంటివి చేసేటప్పుడు చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. మాకరాన్‌లో రెండు షెల్స్ అడుగులు ఒకదానికొకటి ఆనుకుంటాయి. కాబట్టి అన్నీ కుడివైపు వాలిన టోపీలే చేస్తే ఏ రెండూ జత కుదరవు. సగం బొమ్మలు కాగితం తిరగేసి వేయాలి. ఎడమవి ఒక ట్రేలో, కుడివి ఒక ట్రేలో వేస్తే లెక్క తప్పదు. స్నోమ్యాన్, చెట్టు, నక్షత్రం అటూ ఇటూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు. మొదటిసారి అయితే అవే చేయండి.

రెండో రంగు ఎప్పుడు వేస్తారన్నదాన్ని బట్టి రూపం మారుతుంది. కింది పిండి తడిగా ఉండగానే చుక్క పెడితే అందులోకి దిగి సమంగా పరుచుకుంటుంది. రెయిన్‌డీర్ ఎర్ర ముక్కుకి అదే బాగుంటుంది. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి పైన కొంచెం పొర కట్టాక వేస్తే ఉబ్బెత్తుగా నిలుస్తుంది. టోపీ అంచున తెల్ల పట్టీకి, కొసన కుచ్చుకి ఇది సరైన సమయం. ఆ తెల్ల పిండిని అంతసేపూ బ్యాగ్‌లోనే, మూతికి క్లిప్ పెట్టి ఉంచండి.

ట్రేని గుండ్రాలకి కొట్టినంత గట్టిగా కొట్టొద్దు, కొసలు చెదిరిపోతాయి. రెండుసార్లు తక్కువ ఎత్తు నుంచి తట్టి, మిగిలిన బుడగలు టూత్‌పిక్‌తో పొడవండి. ఆరబెట్టడం మామూలే: 30 నుంచి 60 నిమిషాలు, గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. అయితే వేలు పెట్టి చూసేటప్పుడు లావుగా ఉన్నచోట చూడండి. సన్నని కొసలు ముందే ఆరిపోయి మనల్ని మోసం చేస్తాయి. ఒక ట్రేలో ఒకే సైజు ఉండాలి. 150 డిగ్రీల దగ్గర 14, 15 నిమిషాలకి చూడటం మొదలుపెట్టండి. పైభాగాన్ని వేలితో మెల్లగా కదిపితే ఫీట్ మీద అటూ ఇటూ జారితే మరో రెండు నిమిషాలు ఉంచాలి. పూర్తిగా చల్లారాకే కాగితం నుంచి తీయండి.

ఐసింగ్

రాయల్ ఐసింగ్‌కి ఒక తెల్లసొన, అంటే 30 నుంచి 35 గ్రాములు, దాంట్లో సుమారు 180 గ్రాముల ఐసింగ్ షుగర్. ఇది ఉడికేది కాదు కాబట్టి పాశ్చరైజ్ చేసిన తెల్లసొన గానీ, మెరాంగ్ పౌడర్ గానీ వాడితే భయం ఉండదు. గరిటె ఎత్తితే కొస నిలబడి చివర కొద్దిగా వంగాలి, అంతకంటే పల్చన చేయొద్దు. గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే అయిదు నిమిషాల్లో పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు నాజిల్‌లో ఇరుక్కుంటే గీత సగంలో ఆగిపోతుంది.

సన్న నాజిల్‌తో గీత గీసేటప్పుడు కొసను షెల్‌కి ఆనించకండి. మొదట ఒక్కచోట తాకించి, చెయ్యి కొంచెం పైకెత్తి, దారం దానంతటదే పడేలా వదలండి. ఆనించి లాగితే షెల్ పైపొర గీసుకుపోతుంది. జతలో పైన ఉండే షెల్‌కే అలంకరణ, అదీ ఫిల్లింగ్ పెట్టకముందే. తర్వాత ఫ్రిజ్‌లో కాదు, బయటే మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి.

బంగారు మెరుపు పొడిని నీళ్లలో కలిపి పూస్తే బ్రష్ వెళ్లిన దారంతా షెల్ కరుగుతుంది. వోడ్కాలో కలుపుతారు, అది త్వరగా ఆవిరైపోతుంది. పిల్లల కోసం చేస్తుంటే పొడి బ్రష్‌తో అద్దేస్తే చాలు. చక్కెర ముత్యాలు, రెయిన్‌డీర్ కొమ్ముల కోసం చాక్లెట్ ముక్కలు అంటించాలంటే కరిగించిన వైట్ చాక్లెట్ చుక్క చాలు.

ఇక తేదీల సంగతి. ఫిల్లింగ్ లేని షెల్స్ గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో నెల దాకా ఉంటాయి. కాబట్టి డిసెంబర్ రెండో వారంలో కాల్చేసి ఉంచుకోండి. 22న బయటికి తీసి, మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు అలంకరించండి. 23 సాయంత్రం ఫిల్లింగ్ పెట్టి ఫ్రిజ్‌లో పెడితే 24 గంటల్లో లోపల మెత్తబడి రుచి పట్టుతుంది. 25న వడ్డించే అరగంట ముందు డబ్బా బయట పెట్టండి, మూత మాత్రం అప్పుడే తీయొద్దు. చల్లటి షెల్ మీద గాలిలోని తేమ చెమటలా పడితే ఎర్ర రంగు తెల్ల పట్టీలోకి కారుతుంది.

ఈ వారం అభ్యాసానికి సగం కొలతతో ఒకే రంగు పిండి చేయండి. ఒక ట్రేలో చెట్లు, ఇంకో ట్రేలో కుడి ఎడమ టోపీలు సమానంగా వేసి, కాల్చాక జతలు కలిపి చూడండి. అంచులు మూడు మిల్లీమీటర్లకి మించి తేడా వస్తే పిండి ఎక్కువ తిప్పారని అర్థం. కుదిరిన జతలు ఫ్రీజర్‌లో పెట్టండి. వచ్చే పాఠంలో పెప్పర్‌మింట్ గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన ఫిల్లింగ్), దాల్చినచెక్క బటర్‌క్రీమ్ చేసి వాటిలోనే నింపుదాం.