.38 స్పెషల్‌కు మార్చిన పాత విక్టరీ రివాల్వర్: తూటా గొట్టం ఎందుకు ఉబ్బుతుంది, ఏం చేయాలి

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాకు చెందిన స్మిత్ అండ్ వెసన్ సంస్థ బ్రిటన్‌కూ, కెనడా, ఆస్ట్రేలియా వంటి కామన్వెల్త్ దేశాలకూ ఐదు లక్షలకు పైగా .38 రివాల్వర్లను సరఫరా చేసింది. వరుస సంఖ్యకు ముందు ‘వి’ అక్షరం ఉండటం వల్ల విక్టరీ మోడల్ అనే పేరు పొందిన ఈ ఆయుధాలు యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అమెరికా సంతకు తిరిగి వచ్చాయి. బ్రిటిష్ సైన్యం కోసం తయారైన వీటిలో పొట్టిదైన .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటా పడుతుంది. అమెరికన్లకు సులువుగా దొరికేది మాత్రం పొడవైన .38 స్పెషల్ తూటా. అందువల్ల వ్యాపారులు చాలా రివాల్వర్ల చాంబర్లను (సిలిండర్ అనే తిరిగే భాగంలో తూటాలు కూర్చునే రంధ్రాలను) లోతుగా తొలిపించి, 5 అంగుళాల బ్యారెల్‌ను పొట్టిగా కోయించి అమ్మారు. అమెరికాలో స్థిరపడి పాత ఆయుధాలు సేకరించే తెలుగువారికి కూడా ఇవి తక్కువ ధరకే ఎదురవుతుంటాయి కనుక, వాటిలో కనిపించే లోపాలను వివరంగా తెలుసుకోవడం అవసరం.

కాల్చిన తూటా గొట్టం అడుగుభాగంలో ఉబ్బడం, లేదా నిలువునా చీలడం

అన్నిటికంటే ముందు కనిపించేదీ, అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఈ లక్షణమే. సిలిండర్ నుంచి బయటికి తీసిన ఇత్తడి గొట్టం అంచుకు కొద్దిగా పైన బొద్దుగా ఉండి, అక్కడి నుంచి హఠాత్తుగా సన్నబడి కనిపిస్తుంది.

దీనికి కారణం కొలతల్లోనే ఉంది. .38 ఎస్ అండ్ డబ్ల్యూ గొట్టం వ్యాసం సుమారు 0.386 అంగుళాలు, .38 స్పెషల్‌ది 0.379 అంగుళాలు. పేరులో .38 అన్న అంకె రెండింటికీ ఉన్నా, పొట్టి తూటాయే లావైనది. తొలిచే పనిముట్టు చాంబర్‌ను పొడిగించగలదు గాని, అప్పటికే వెడల్పుగా ఉన్న వెనుక భాగాన్ని ఇరుకు చేయలేదు. లోహాన్ని తీసివేయడమే దాని పని. అందువల్ల మార్చిన చాంబర్ ముందు సగం .38 స్పెషల్ కొలతలోనూ, వెనుక సగం పాత కొలతలోనూ మిగిలి, మధ్యలో ఒక మెట్టు ఏర్పడుతుంది. మందు పేలినప్పుడు ఆసరా లేని వెనుక భాగంలో ఇత్తడి చాంబర్ గోడను తాకేదాకా సాగుతుంది, సాగలేనప్పుడు చీలుతుంది. చీలిన చోటు నుంచి వేడి వాయువులు వెనక్కి, కాల్చేవారి చేతుల వైపూ ముఖం వైపూ రావచ్చు. దీనికి తోడు .38 ఎస్ అండ్ డబ్ల్యూకు నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 14,500 పౌండ్లు కాగా, .38 స్పెషల్‌కు అది 17,000 పౌండ్లు.

నిర్ధారణకు కాల్చి చూడనక్కరలేదు. మందు లేని నకిలీ తూటాలు రెండు రకాలవీ తీసుకొని, ఖాళీ సిలిండర్‌లో పెట్టి చూడాలి. మార్చని బ్రిటిష్ చాంబర్‌లో .38 స్పెషల్ పూర్తిగా దిగదు. అసలే .38 స్పెషల్‌కు తయారైన చాంబర్‌లోకి లావైన .38 ఎస్ అండ్ డబ్ల్యూ వెళ్లదు. రెండూ హాయిగా దిగితే అది మార్చిన రివాల్వరే. బ్యారెల్ మీది అక్షరాలను మాత్రం నమ్మకూడదు; వాటిని మార్చినవారే కొత్తగా కొట్టి ఉండవచ్చు. బ్రిటన్‌లో ప్రూఫ్ పరీక్ష (ఆయుధం ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) జరిగిన వాటి మీద ‘.38, .767 అంగుళాలు, 3½ టన్నులు’ అన్న ముద్ర కనిపిస్తే, అది పాత తూటాను దృష్టిలో పెట్టుకొని చేసిన పరీక్ష అని గ్రహించాలి.

పరిష్కారం తూటాను మార్చుకోవడమే: నిపుణుడైన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) ఆయుధాన్ని పరిశీలించి సరేనన్న తరువాత, .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాలు మాత్రమే వాడాలి. ఉబ్బిన గొట్టాలను మళ్లీ నింపి వాడరాదు. కొలత సరిపడే మరో సిలిండర్‌ను అమర్చించుకోవచ్చు గాని, అది బ్యారెల్‌తో వరుస కలిసేలా సరిచూడవలసిన పని కనుక లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కే వదిలేయాలి. భారతదేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకిని మార్చడమే కాదు, మరమ్మతు చేయడం కూడా నిషిద్ధం.

గుండ్లు చెల్లాచెదురుగా తగలడం

పాత తూటా గుండు వ్యాసం 0.361 అంగుళాలు; .38 స్పెషల్ గుండు అంతకంటే అంగుళంలో మూడు నాలుగు వేల వంతులు సన్నం. వదులైన బ్యారెల్‌లో గాడులు దానిని గట్టిగా పట్టుకోలేవు. సిలిండర్ మార్పించినా బ్యారెల్ పాతదే కనుక ఈ లోపం పోదు. ఇక్కడ కూడా సరైన తూటాయే పరిష్కారం.

ఖాళీ గొట్టాలు బయటికి రాకపోవడం

ఇది మొదటి లోపానికి కొనసాగింపే. ఖాళీ గొట్టాలను బయటికి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ కడ్డీని సుత్తితో కొట్టకూడదు, కడ్డీ వంగితే సిలిండర్ తిరగడమే కష్టమవుతుంది.

వెబ్లీ .455: ట్రిగ్గర్ లాగినా పేలకపోవడం, లేదా కీలు వదులు కావడం

ఇదే కోవలో మరింత ఆందోళన కలిగించేది వెబ్లీ మార్క్ 6. 1915లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన ఈ రివాల్వర్ల సిలిండర్ వెనుక తలాన్ని అరగదీసి, తూటాలను పట్టి ఉంచే క్లిప్పులతో .45 ఏసీపీ అనే పిస్టల్ తూటాలు పట్టేలా చేసి అమెరికాలో అమ్మారు. అలా అరగదీసిన సిలిండర్‌లో అసలు .455 తూటా పెడితే, వెనుక ఖాళీ పెరిగినందువల్ల ఫైరింగ్ పిన్ దెబ్బ బలంగా తగలక తూటా పేలకపోవచ్చు. .45 ఏసీపీ తప్పక పేలుతుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. దాని గరిష్ఠ ఒత్తిడి 21,000 పౌండ్లు; .455ది దాదాపు 13,000. మధ్యకు మడిచి తెరిచే ఈ నిర్మాణం అంత ఒత్తిడి కోసం ఉద్దేశించినది కాదు కనుక కీలు వదులు కావచ్చు. పది సార్లు కాల్చినా ఏమీ కాలేదన్న వాదనను నేను అంగీకరించను. లోహం అలసట బయటికి కనిపించదు. కర్మాగారంలో తయారైన .45 ఏసీపీ తూటాలను ఇందులో అసలు వాడరాదు. అరగదీయని పాత సిలిండర్ దొరికితే గన్‌స్మిత్ చేత అమర్చించుకోవాలి, లేకుంటే దానిని కాల్చకుండా దాచుకోవాలి.

మార్పు జరిగినట్టు తేలిన ప్రతి రివాల్వర్ పెట్టెలోనూ, చాంబర్ కొలతనూ వాడదగిన తూటా పేరునూ రాసిన చీటీ ఒకటి ఉంచాలి. ఆ చీటీ లేకపోతే, రేపు వారసత్వంగానో, అమ్మకంలోనో అది చేతికి వచ్చేవారికి బ్యారెల్ మీది తప్పుడు ముద్ర తప్ప వేరే ఆధారం ఉండదు.