ఇంజిన్ పనిలో కట్టర్లు ఎందుకు నిలవవు? సమస్య - పరిష్కారం

ఆకివీడు, భీమవరం చెరువుల దగ్గరి జనరేటర్లు, అంతర్వేది, కాకినాడ తీరాల పడవ ఇంజిన్లు, దాళ్వా కోతల్లో నలిగిన హార్వెస్టర్లు, ట్రాక్టర్లు అన్నీ డెల్టాలో సిలిండరు రంధ్రాలను (బోర్లను) కోసి సరిచేసే బోరింగ్ షాపులో ఒకే బల్ల మీదికి ఎక్కుతాయి. ఒక్కోదాని లోహం ఒక్కో రకం. షాపులో మాత్రం చాలాచోట్ల ఒకే రకం టిప్పుల (కోసే అంచున్న చిన్న ముక్కల) పెట్టె ఉంటుంది. ‘ఎంత ఖరీదు పెట్టి కొన్నా నిలవడం లేదు’ అనే గోడులో సగం అక్కడే పుడుతుంది. కొత్తది కొనే ముందు పాత టిప్పును భూతద్దం కింద పెట్టి చూడండి. అంచు ఎలా పోయిందో తెలిస్తే ఏం కొనాలో తెలుస్తుంది.

బోరింగ్‌లో టిప్పు పెచ్చులూడుతోంది

అంచుకు అడ్డంగా దువ్వెన పళ్లలా సన్నని పగుళ్లు కనిపిస్తే అది వేడి దెబ్బ. కార్బైడ్ (టిప్పులు చేసే చాలా గట్టి పదార్థం) కాగుతున్నప్పుడు మధ్యమధ్య కూలెంట్ (చల్లబరిచే ద్రవం) చల్లడం వల్ల వస్తుంది. పోత ఇనుప బ్లాకును పొడిగానే కోయండి. అందులోని గ్రాఫైట్ కొంత కందెనగా పనిచేస్తుంది. నీళ్లు తగిలితే ఆ పొడి నల్లటి బురదై అంచుకు అంటుకుంటుంది.

పగుళ్లు లేకుండా మూల ఒక్కటే ఎగిరిపోయిందంటే టిప్పును పట్టుకునే బార్ వణుకుతోందన్నమాట. స్టీలు బార్ హోల్డరు నుంచి బయటికి దాని మందానికి నాలుగు రెట్లకు మించి రాకూడదు. అంటే 20 మి.మీ. బార్ అయితే 80 మి.మీ. అంతకంటే లోతుకు వెళ్లాలంటే బార్ మార్చాలి. టిప్పు మార్చి లాభం లేదు.

ఏళ్ల తరబడి తీరాన పడి ఉన్న ఇంజిన్ అయితే బోరులో తుప్పు పొర ఉంటుంది. భయపడుతూ పలచటి కోత వేస్తే టిప్పు ఆ పొర మీదే రాసుకుని మొండిబారుతుంది. కొలత అనుమతిస్తే మొదటి కోతలోనే తుప్పు కిందికి దిగిపోవాలి.

వేగం సంగతి. 100 మి.మీ. బోరుకు హైస్పీడ్ స్టీలు బిట్టు అయితే నిమిషానికి 80 చుట్లు చాలు. అది నిమిషానికి 25 మీటర్ల కోత. కార్బైడ్‌ను 250 చుట్ల దాకా తిప్పవచ్చు. రెండింటినీ ఒకే గేరులో నడిపితే ఏదో ఒకటి నష్టపోతుంది.

వాల్వ్ సీటు మీద అలలు పడుతున్నాయి

వాల్వ్ మూసుకున్నప్పుడు కూర్చునే అంచే సీటు. దాని మీద అలలు పడితే ఎక్కువమంది బ్లేడును తిడతారు. నేను ముందు గైడును (వాల్వ్ కాడ కదిలే గొట్టాన్ని) అనుమానిస్తాను. కట్టర్ తిరిగేది పైలట్ అనే కడ్డీ ఆధారంగా, పైలట్ నిలిచేది గైడులో. గైడు అరిగిపోయి ఉంటే ఎంత మంచి బ్లేడయినా ఊగుతూనే కోస్తుంది. పైలట్ పెట్టి పైకొనను వేలితో నెట్టి చూడండి. ఏమాత్రం కదిలినా ముందు గైడు మార్చి, రీమర్ (రంధ్రాన్ని సరి కొలతకు తెచ్చే పనిముట్టు) వేసి, ఆ తర్వాతే సీటు జోలికి వెళ్లాలి.

గైడు బాగుండి కూడా అలలు వస్తుంటే మూడు కోణాలూ ఒకేసారి కోసే వెడల్పాటి బ్లేడు కారణం కావచ్చు. పాత యంత్రం ఆ ఒత్తిడికి తట్టుకోదు. 30, 45, 60 డిగ్రీలకు విడివిడి బ్లేడ్లు వాడండి, వేగం తగ్గించండి. పని ఆలస్యమవుతుంది, నిజమే. ‘కరెంటు పోతే రొయ్యలు తేలిపోతాయి, సాయంత్రానికి ఇవ్వండి మేస్త్రి గారూ’ అని రైతు గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, ఈ మెట్టు దాటవేయకండి. అలలున్న సీటును ఎంత గ్రైండింగ్ పేస్టు పూసి రుద్దినా వాల్వ్ సరిగా కూర్చోదు.

బ్లేడు కోయకుండా జారిపోతోంది, సీటు అద్దంలా మెరుస్తోంది

అక్కడ సీటుగా బిగించి ఉన్నది గట్టి రింగు. డీజిల్, గ్యాస్ ఇంజిన్లలో స్టెలైట్ అనే గట్టి మిశ్రమలోహపు రింగులు, లోహపు పొడిని అచ్చుగట్టి కాల్చిన రింగులు వాడతారు. మామూలు బ్లేడు వాటి మీద రుద్దుకుని, కోయాల్సిన చోటునే మరింత గట్టిపరుస్తుంది. ముందు మసి పూర్తిగా గీకి, సాన రాయితో ఆ మెరుపు తీసి, పదునైన కార్బైడ్‌తో గట్టిగా ఒక కోత వేయండి. అయినా లొంగకపోతే సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) టిప్పు కావాలి. వజ్రం తర్వాత అంతటి గట్టి పదార్థం అది. వజ్రపు టిప్పు ఇంకా మేలు కదా అనుకోకండి. వేడెక్కినప్పుడు వజ్రంలోని కార్బన్ ఇనుములోకి కరిగిపోతుంది. వజ్రాన్ని అల్యూమినియం హెడ్డులకు (సిలిండరు పై మూతలకు) ఉంచండి.

నెలకు ఒకటో రెండో ఇలాంటి హెడ్డులు వచ్చే షాపుకు సీబీఎన్ దండగ. రింగు లోపలి అంచు చుట్టూ సన్నగా వెల్డింగ్ పూస వేసి చల్లారనిస్తే రింగు ముడుచుకుని వదులవుతుంది. దాన్ని తీసేసి కొత్తది బిగించడమే చవక. వెల్డింగ్ హెడ్డుకు తగలకుండా చూసుకోవాలి.

బోరు పైన ఒక కొలత, కింద ఒక కొలత

బ్లాకు బల్ల మీద సరిగా కూర్చుందో లేదో ముందు చూడండి. అది సరిగా ఉంటే, కోస్తూనే టిప్పు అరిగిపోతోందని అర్థం. చివరి కోతకు కొత్త అంచు తిప్పుకోండి. హోనింగ్‌కు (చివర్లో రాళ్లతో బోరును నునుపు చేయడానికి) 0.05 నుంచి 0.08 మి.మీ. వదలండి.

కొత్త రీమర్ పెట్టెలోంచి తీసేసరికే మొండిగా ఉంది

మన తేమకు, తీరంలో అయితే ఉప్పుగాలికి, హైస్పీడ్ స్టీలు అంచులు ముందు దెబ్బతింటాయి. నూనె పూసి విడిగా చుట్టి ఉంచండి. సొరుగులో స్పానర్ల మధ్య దొర్లే కార్బైడ్‌కు తుప్పు కంటే స్పానరే శత్రువు. కార్బైడ్‌కు సాన పట్టాలంటే ఆకుపచ్చ రాయి లేదా వజ్రపు చక్రం వాడాలి. ఎర్రగా కాగిన టిప్పును నీళ్లలో ముంచారంటే పగిలిందన్నమాటే.

కొనేటప్పుడు

పెట్టె మీద అక్షరం, రంగు చూడండి. పోత ఇనుముకు కే, ఎరుపు. స్టీలుకు పీ, నీలం. అల్యూమినియానికి ఎన్, ఆకుపచ్చ. సీసీఎంటీ 060204 అన్న కోడులో చివరి 04 అంటే ముక్కు గుండ్రం 0.4 మి.మీ. వణికే బార్‌కు అదే నయం. మూల తరచూ విరుగుతుంటే, బార్ గట్టిగా ఉన్నప్పుడు మాత్రమే 08కి వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, పక్క ఊళ్లో కొన్నా పెట్టెలు పెట్టెలుగా తేకండి. రెండు రకాల టిప్పులు విడిగా తెచ్చి, ఒకే బ్లాకులో ఒక్కో సిలిండరుకు ఒకటి పెట్టి చూడండి. అంచు ఎక్కువసేపు నిలిచిన రకానికే పెట్టె ఆర్డరు ఇవ్వండి. గ్రేడు రాసి లేని పెట్టె సగం ధరకు వచ్చినా వద్దు.