థార్‌తో కర్నూలు నుంచి బెంగళూరు: టర్బో పెట్రోల్ బండికి హైవే మీద మైలేజీ రాబట్టడం ఎలా

మా బండి థార్ పెట్రోల్ ఆటోమేటిక్. 2 లీటర్ల టర్బో ఇంజిన్, 150 హార్స్‌పవర్, ఫోర్ బై ఫోర్. నెలకు ఒకసారైనా కర్నూలు నుంచి బెంగళూరు పోయొస్తుంటాం, ఒక వైపు దాదాపు 360 కిలోమీటర్లు. కొన్న కొత్తలో ఈ దారిలో లీటరుకు 8.5 వచ్చేది, ఇప్పుడు 11.5 వస్తోంది. ఏ పార్టూ మార్చలేదు, ఇంజిన్‌కు ట్యూనింగ్ చేయించలేదు, పెట్రోల్‌లో ఏ మందూ కలపలేదు. ఒక వైపుకే 42 లీటర్లు తాగిన బండి ఇప్పుడు 31 లీటర్లతో చేరుతోంది. పోనూ రానూ కలిపితే 20 లీటర్ల పైన మిగులు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు కొలవడం నేర్చుకోవాలి, లేకపోతే మిగతాదంతా వృథా. డిస్‌ప్లేలో కనిపించే సగటు అంకెను పట్టుకుని లెక్క వేయొద్దు. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్, ఇదొక్కటే పద్ధతి. బంకులో నాజిల్ తనంతట తాను టక్కుమని ఆగిన చోటే ఆపేయమనండి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకో యాభై రూపాయలది కొడతానంటే వద్దనండి. ట్రిప్ మీటర్ సున్నా చేసి బయల్దేరి, మళ్లీ వీలైతే అదే బంకులో, అదే పంపు దగ్గర నింపాలి, ఎందుకంటే బండి నిలబడిన నేల కాస్త వాలుగా ఉన్నా ట్యాంకులో పట్టే పెట్రోల్ మారిపోతుంది. వంద కిలోమీటర్లు తిరిగి 10 లీటర్లు పోయించి లెక్క వేస్తే ఒక లీటరు అటూ ఇటూ అయినా పది శాతం తప్పు వస్తుంది. అదే 40 లీటర్ల మీద అయితే రెండున్నర శాతమే. కాబట్టి కనీసం 300 కిలోమీటర్లు తిరిగాకే లెక్క చూసుకోండి.

టైర్లు పెద్దవి వేయించుకున్నవాళ్లకు ఇంకో సంగతి. 255/65 ఆర్18 తీసి 255/70 ఆర్18 వేయిస్తే చక్రం చుట్టుకొలత 3 శాతం పైగా పెరుగుతుంది. అంటే మీటర్ 400 చూపించినప్పుడు మీరు నిజంగా తిరిగింది 413 దాకా ఉంటుంది. టైర్లు మార్చాక మైలేజీ పడిపోయిందని బాధపడేవాళ్లలో కొందరికి పోయింది మైలేజీ కాదు, మీటర్ లెక్క. కానీ ముళ్లు బాగా లేచిన మడ్ టైర్లు వేస్తే మాత్రం మైలేజీ నిజంగానే పడిపోతుంది, ఆ మోత కూడా గుత్తి చేరేసరికి తలనొప్పి తెప్పిస్తుంది.

ఇక టర్బో. ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకు అవతలి చివరన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని నొక్కిపట్టి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే దానికి తగ్గ పెట్రోలూ పోవాలి కదా. అంటే కాలు మెల్లగా ఉన్నంతసేపు అది మామూలు 2 లీటర్ల ఇంజిన్, గట్టిగా తొక్కితే 3 లీటర్ల ఇంజిన్ పని చేస్తుంది, అంత ఆకలితోనే చేస్తుంది. దానికి తోడు గట్టిగా తొక్కి చాలాసేపు లాగితే ఆ పొగ వేడి టర్బోను పాడుచేయకుండా, చాలా టర్బో పెట్రోల్ బండ్లలో కంప్యూటరే అవసరానికి మించి పెట్రోల్ పోసి లోపల చల్లబరుస్తుంది. ఆ పెట్రోల్ బండిని ఒక్క అడుగు కూడా ముందుకు తోయదు. చదునైన రోడ్డు మీద 90లో పోవడానికి ఈ బండికి ఉన్న 150 హార్స్‌పవర్‌లో సుమారు ఐదో వంతు చాలు. మిగతాది అక్కర ఉన్నప్పుడే పిలవండి.

ఈ ఇంజిన్‌కు పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, 1500 నుంచి 3000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యనే దొరుకుతుంది. అందుకే టాప్ గేర్‌లో 2000 చుట్టుపక్కల ముల్లు నిలబెట్టి పోనివ్వడమే దీనికి హాయి. అలాగని మాన్యువల్ గేర్ ఉన్నవాళ్లు పెట్రోల్ మిగులుతుందని 1200 దగ్గర టాప్ గేర్ వేసి ఎత్తు మీద గట్టిగా తొక్కొద్దు. టర్బో పెట్రోల్ ఇంజిన్‌కు అది మంచిది కాదు, లోపల పేలుడు ముందే జరిగిపోయి పిస్టన్ దెబ్బతినే ప్రమాదం ఉంది. అక్కడ ఒక గేర్ తగ్గించడమే సరైన పని.

అన్నిటికన్నా పెద్దది స్పీడు. థార్ ఆకారం చూడండి, నిలువుగా ఉన్న అద్దం, పెట్టె లాంటి ఒళ్లు, పెద్ద సైడ్ అద్దాలు. గాలి ఆపే బలం స్పీడుతో పాటు మామూలుగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 110కి పోతే స్పీడు మూడో వంతు పైగా పెరిగింది, గాలి ఒత్తిడి మాత్రం దాదాపు రెట్టింపు అయ్యింది. చిన్న కారుకు ఈ తేడా కొంత తగ్గి కనిపిస్తుంది, మన బండికి నేరుగా ట్యాంకులో కనిపిస్తుంది. నాలుగు లేన్ల రోడ్ల మీద కార్లకు 100 దాకా పోవచ్చని 2018లోనే కేంద్రం పెంచింది, కానీ పోవచ్చు అంటే పోవాలని కాదు. మేం 88, 90 దగ్గర ఉంచుతాం. కాగితం మీద 360 కిలోమీటర్లకు 110కీ 90కీ 44 నిమిషాల తేడా వస్తుంది. నిజంగా మేం కొలుచుకున్న తేడా 25 నిమిషాలే, ఎందుకంటే అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ గేట్ల దగ్గర అందరూ ఆగాల్సిందే, అడ్డం వచ్చిన గొర్రెల మంద ఎవరి స్పీడునూ చూడదు, గుత్తిలో ఉగ్గాని బజ్జీకి ఎలాగూ అరగంట పోతుంది.

టోల్ గేట్ల దగ్గర ఇంకో అలవాటు చేసుకోండి. బోర్డు కనిపించగానే, అర కిలోమీటరు ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేయండి, బండి గేర్‌లోనే ఉండాలి. గేర్‌లో ఉండి కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ పోయడం ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ పెట్రోల్ పోయాలి. పాత కార్బురేటర్ జీపులు నడిపిన పెద్దవాళ్లు దిగుడులో న్యూట్రల్ వేయమని ఇప్పటికీ చెప్తారు, మా నాన్న కూడా చెప్తాడు. ఆ బండ్లకు అది లెక్క, ఇప్పటి బండికి నష్టం, పైగా బరువైన బండి దిగుడులో చేతికి దొరకదు.

మన దారిలో తప్పక అర్థం చేసుకోవాల్సింది ఎత్తు. కర్నూలు సముద్రమట్టానికి సుమారు 280 మీటర్ల ఎత్తులో ఉంది, బెంగళూరు 920. అంటే పోయేటప్పుడు బండిని 640 మీటర్లు పైకి మోసుకుపోతున్నాం. మనుషులతో కలిపి 1800 కిలోలకు పైగా ఉన్న బండిని అంత ఎత్తు ఎక్కించడానికే ఒక లీటరు పైన పెట్రోల్ కావాలి. వచ్చేటప్పుడు అందులో కొంత తిరిగొస్తుంది. అందుకే పోయేటప్పటి మైలేజీ చూసి టెన్షన్ పడొద్దు, వచ్చేటప్పటిది చూసి మురిసిపోవద్దు, రెండూ కలిపి చూడండి. ప్యాపిలి దగ్గర ఎత్తులు, పెనుకొండ చుట్టూ ఎత్తులు వచ్చినప్పుడు క్రూజ్ కంట్రోల్ తీసేస్తాను. అది పెట్టిన అంకె తగ్గకూడదని గేర్ తగ్గించి టర్బోను నిండుగా లాగేస్తుంది. మన కాలైతే 90ని 80కి పడనిచ్చి, ఎత్తు దాటాక దిగుడులో మళ్లీ తెచ్చుకుంటుంది. వెనక ఎవరూ దగ్గరగా లేరని చూసుకుని, ఎడమ లేన్‌లో ఉండి చేయాల్సిన పని ఇది.

గాలి కూడా లెక్కలోకి తీసుకోవాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం మీదుగా బండి నడిపితే తెలుస్తుంది. నైరుతి గాలి బెంగళూరు పోయేవాళ్ల ముఖానికి, పక్కకి కొడుతుంది. ఎదురుగాలి 20 ఉంటే మీరు 90లో పోతున్నా బండికి అది 110లాంటిదే. ఆ నెలల్లో పోయేటప్పుడు 80కి తగ్గించి, వచ్చేటప్పుడు 90లో వస్తే సరిపోతుంది.

టైర్ల గాలి గురించి ఒక అనుభవం చెప్పి తీరాలి. కిందటేడు గండికోట పోయొస్తూ పెన్నా ఇసుకలో దిగాం, ఇసుకలో దిగబడకుండా నాలుగు టైర్లకూ గాలి 18 పీఎస్ఐకి తగ్గించా. బయటికొచ్చేసరికి చీకటి పడింది, పిల్లలు ఆకలి అంటున్నారు, దారిలో పంచర్ షాపు కనిపిస్తే పట్టించుకుందాంలే అనుకుని నంద్యాల దాకా అలాగే వచ్చేశా. బండి బరువుగా లాగుతోంది, స్టీరింగ్ ఆలస్యంగా తిరుగుతోంది, అయినా పట్టించుకోలేదు. నంద్యాలలో దిగి టైరు పక్కగోడ మీద చెయ్యి పెడితే కాలే పెనంలా ఉంది. ఇంకో 50 కిలోమీటర్లు అలాగే స్పీడుగా వస్తే టైరు పేలేది. ఆ రోజు మైలేజీ 7 దాటలేదు. అప్పట్నుంచి డిక్కీలో చిన్న గాలి పంపు పెట్టుకున్నా, సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించేది. ఒక్కో టైరుకు ఐదారు నిమిషాలు పడుతుంది, మట్టి వదిలి తారు ఎక్కే ముందే నింపేస్తా.

ఎంత గాలి పెట్టాలనేది డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది, ఆ అంకెనే పెట్టండి, నిండా బరువు వేస్తే దానికి చెప్పిన అంకె. ఉదయం బండి కదలకముందు చూసుకోవాలి. మే నెలలో నడిపాక బంకులో చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది వేడికి పెరిగింది, దాన్ని తీసేయించుకోవద్దు. మా వైపు నల్లరేగడిలో దిగిన బండికైతే చక్రం రిమ్ లోపలి వైపు కూడా చూడాలి. ఆ మట్టి పిడికెడు ముద్దగా అంటుకుని ఎండి రాయవుతుంది, 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, అలైన్‌మెంట్ పోయిందని షాపుకు డబ్బు కట్టేవాళ్లు ఉన్నారు. కర్రపుల్లతో గీకి, నీళ్లు కొడితే పోతుంది. ముందు జాలీ వెనకున్న రేడియేటర్, ఇంటర్‌కూలర్ సందుల్లో ఇరుక్కున్న మట్టి కూడా మెల్లగా నీళ్లతో కడగండి, టర్బో నొక్కిన వేడి గాలిని చల్లబరిచేది ఆ ఇంటర్‌కూలరే. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, జాగ్రత్త.

తారు మీద ఫోర్ బై ఫోర్ లివర్ 2హెచ్‌లోనే, అంటే వెనక రెండు చక్రాలకే ఇంజిన్ బలం పోయేలా ఉండాలి, చూసుకోండి. పొడి రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం పోయేది) వేసి నడిపితే పెట్రోల్ సంగతి అటుంచి, మలుపుల్లో ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాగి గేర్లు అరిగిపోతాయి.

బండి పైన క్యారియర్ ఖాళీగా ఉన్నా విప్పేయండి, అది పెట్టుకుని తిరిగితే మాకు లీటరుకు అర కిలోమీటరు పైన పోయింది. లోపల వేసిన బరువు అంత దెబ్బ కొట్టదు. మా చెల్లెలికి రెండు కర్నూలు సోనా మూటలు, ఒక బుడ్డల సంచి వేసుకుపోతాం, ఎత్తుల్లో తప్ప పెద్ద తేడా తెలియదు. వాటిని పైన కట్టకుండా లోపలే సర్దండి. సాఫ్ట్ టాప్ ఉన్నవాళ్లు హైవే మీద అన్ని పట్టీలూ బిగించాలి, కొట్టుకునే గుడ్డ గాలిని పట్టేస్తుంది. ఏసీ విషయంలో వెనకాడొద్దు, 80 దాటాక కిటికీలు దించడం కన్నా ఏసీయే నయం. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే మాత్రం రెండు నిమిషాలు తలుపులు తెరిచి వేడి పోనిచ్చి వేయండి.

పెట్రోల్ గురించి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి పాత పెట్రోల్‌తో వచ్చిన మైలేజీతో పోల్చుకుని బండిలో లోపం ఉందనుకోవద్దు. ధర చూస్తే కర్ణాటకలో తక్కువ, అందుకే కర్నూలులో అవసరమైనంతే పోయించుకుని కొడికొండ చెక్‌పోస్టు దాటాక బాగేపల్లిలో నింపుకుంటాం. వచ్చేటప్పుడు కూడా అక్కడే ఫుల్ చేస్తే 57 లీటర్ల ట్యాంకు ఇంటికొచ్చాక ఇంకో వారం వస్తుంది. మైలేజీ లెక్క కూడా బాగేపల్లి నుంచి బాగేపల్లికి వేసుకుంటే పోనూ రానూ ఎత్తుల తేడా దానికదే సర్దుకుంటుంది.

డీజిల్ వాళ్లకు కూడా ఇందులో చాలావరకు వర్తిస్తుంది. బీఎస్6 డీజిల్‌లో పొగ ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు కాసేపు మైలేజీ పడిపోతుంది, ఆ పని సగంలో ఇంజిన్ ఆపేయకుండా పూర్తి కానివ్వండి. పెట్రోలైనా డీజిలైనా పెనుకొండ ఎత్తు ఎక్కి వెంటనే టీకి ఆగితే ఒక నిమిషం ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, టర్బో కాస్త చల్లబడ్డాక ఆపండి. ఆ నిమిషానికి అయ్యే పెట్రోల్ టీ గ్లాసు నిండా కూడా ఉండదు.