అనిలీన్ సీసా మూత తీసే ముందు

యాసిడ్ ఒలికితే చెయ్యి చుర్రుమంటుంది, వెంటనే కుళాయి దగ్గరికి పరుగెడతాం. ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో వాడే అనిలీన్ అనే రసాయనం చుక్క పడితే ఆ మంట ఉండకపోవచ్చు. అందుకే నాకు దీనంటేనే ఎక్కువ భయం. ద్రవమైనా ఆవిరైనా చర్మంలోంచి నేరుగా ఒంట్లోకి ఇంకిపోతుంది.

1826లో నీలిమందును స్వేదనం చేస్తుంటే మొదట బయటపడిన పదార్థం ఇది. బెంజీన్ వలయానికి (ఆరు కార్బన్ల ఉంగరానికి) ఒక అమైనో సమూహం (NH2), అంతే. తాజాగా ఉంటే రంగులేని నూనెలా ఉంటుంది. గాలి, వెలుతురు తగిలితే పచ్చబడి, గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి ముదురు రంగు సీసాలో, మూత బిగించి ఉంచాలి. 184 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. పాలియురెథేన్ ఫోమ్, రబ్బరు రసాయనాలు, రంగులు, మందుల తయారీకి ఇదే ముడిసరుకు.

ఒంట్లోకి వెళ్లాక ఇది హీమోగ్లోబిన్‌లోని ఇనుము రూపాన్ని మార్చేస్తుంది. ఆ రక్తం ఇక ఆక్సిజన్ మోయలేదు. పెదవులు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి, తలనొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం వస్తాయి. ఇవన్నీ కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. ఇంకో చిక్కు ఏమిటంటే, మామూలు పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ నిజం చెప్పదు. పరిస్థితి ఎంత దిగజారినా 85 శాతం దగ్గరే ఆగిపోవచ్చు. ఆ అంకె చూసి ధైర్యపడొద్దు, రక్తపరీక్ష చేయాల్సిందే. చికిత్సకు వాడే మిథిలీన్ బ్లూ అనే మందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లకు ప్రమాదం. మీకు ఆ లోపం ఉంటే పని మొదలుపెట్టకముందే తోటివారికి చెప్పి ఉంచండి.

పని ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబు గూడులోనే), పక్కన ఒక మనిషి ఉండగానే చేయాలి. కళ్లద్దాలు, పొడుగు చేతుల కోటు తప్పనిసరి. పల్చటి నైట్రైల్ గ్లౌజులను ఎక్కువసేపు నమ్మొద్దు, చుక్క పడితే అప్పటికప్పుడే మార్చాలి. ఎక్కువ మోతాదు ఒంపేటప్పుడు బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు వేసుకోండి. ఆ గ్లౌజులతో ఫోన్ గానీ తలుపు పిడి గానీ ముట్టుకోవద్దు. తోలు బూట్ల మీద పడితే వాటిని పారేయాల్సిందే, తోలు పీల్చుకున్నది కడిగితే పోదు.

నైట్రిక్ యాసిడ్, పెరాక్సైడ్‌లు దగ్గర్లో ఉంచొద్దు. అనిలీన్‌తో డయాజో లవణం (రంగుల తయారీలో మధ్యలో వచ్చే పదార్థం) చేస్తుంటే 0–5 డిగ్రీల మధ్యే ఉంచి, ద్రావణంలో ఉండగానే వాడేయండి, ఆరనిస్తే పేలవచ్చు.

ఒంటి మీద పడితే తడిసిన బట్టలు ముందు విప్పేసి, సబ్బునీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి. ఆల్కహాల్‌తో తుడవొద్దు, అది ఇంకా లోపలికి లాగుతుంది. బల్ల మీద ఒలికిందాన్ని ఇసుకతో ఎత్తి మూత డబ్బాలో వేయండి. సింకులో పోయొద్దు, నీటి ప్రాణులకు ఇది విషం.

చర్మానికి తగిలిందనిపిస్తే బాగానే ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రసాయనం పేరు, ఎన్ని గంటలకు తగిలిందో కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి. ఆ రోజు మద్యం ముట్టొద్దు. ఇంటికి వచ్చాక కూడా రాత్రంతా మీ పెదవుల రంగు గమనించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.