రాత్రి చేసిన ఫ్రూట్ కస్టర్డ్ మర్నాటికి ఎందుకు చెడుతుంది: 50 మందికి చేసేవాళ్లకి సమస్య - పరిష్కారం

ఎండాకాలం గృహప్రవేశానికో పుట్టినరోజుకో 50 మందికి తీపి చేయాలంటే ఫ్రూట్ కస్టర్డంత తేలిక ఇంకోటి లేదు. పొయ్యి దగ్గర నిలబడేది ముప్పావు గంట. ముందు రోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. చిక్కంతా ఆ ఒక్క రాత్రిలోనే ఉంది. పడుకోబోయే ముందు రుచి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, మర్నాడు మధ్యాహ్నం మూత తీస్తే పైన నీళ్లు తేలి, అడుగున ముద్దగా, నాలుక మీద చేదుగా తగులుతుంది. అప్పుడు అందరూ తిట్టేది పాలవాణ్ణి, ఆ తర్వాత కస్టర్డ్ పొడిని. ఆ ఇద్దరి తప్పూ చాలా అరుదు.

కింద చెప్పేదంతా ఈ లెక్క మీద: చిక్కటి పాలు 5 లీటర్లు, కస్టర్డ్ పొడి 170 గ్రాములు, పంచదార 550 గ్రాములు, కోసిన పండ్ల ముక్కలు రెండున్నర కిలోలు. మనిషికి 150 మిల్లీలీటర్ల కప్పు చొప్పున సరిపోతుంది. వేడి మీద ఇది పలచగా, గరిటె నుంచి ధారగా జారుతుంది. కంగారుపడి ఇంకో నాలుగు చెంచాల పొడి కలిపితే పొద్దున్నకి కత్తితో కోసుకోవాల్సి వస్తుంది.

ఏ లక్షణం కనిపించినా ముందు చూసుకోవాల్సింది ఒక్కటే. పండ్లు ఎప్పుడు కలిపారు? రాత్రే కలిపితే ఇంకో కారణం వెతికే ముందు అక్కడే ఆగండి. "ముందు రోజే చేసుకోవచ్చు" అన్నది కస్టర్డ్‌కి వర్తించే మాట. పండ్లు వడ్డించే పూటే, గంట ముందు కలపాలి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటి వదిలేసి మిగతావన్నీ అడుగుతారు.

పైన నీళ్లు తేలాయి

పండు కోయగానే నీరు వదలడం మొదలవుతుంది. దాని మీద పంచదార చల్లితే ఇంకా గుంజేస్తుంది. "ముక్కలకి తీపి పట్టాలి" అని రెండు గుప్పెళ్ల పంచదార చల్లి పక్కన పెట్టినవాళ్ల గిన్నెలో గంటకే గ్లాసుడు నీళ్లు ఊరి ఉంటాయి. తీపి మొత్తం కస్టర్డ్‌లోనే వేయండి, ముక్కలకి ఏమీ చల్లొద్దు. పుచ్చకాయ అసలు వద్దు, అందులో తొంభై శాతం నీరే. గింజలేని ద్రాక్షని చీల్చకుండా కాయ పళంగా వేయండి. మామిడైతే బంగినపల్లి లాంటి గట్టి కండ ఉన్నది కావాలి, రసాలు ముక్కగా నిలవవు. కోసినవాటిని చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచి, కారిన నీరు తీసేశాకే కలపండి. అరటిపండు మాత్రం వడ్డించబోయే ముందు కోయండి, లేకపోతే నల్లబడి జిగురవుతుంది.

పండ్లు కలపకుండానే నీళ్లు తేలాయంటే రెండు అనుమానాలు. మొదటిది, పొడి కలిపాక చిక్కబడగానే పొయ్యి ఆపేశారు. కస్టర్డ్ పొడిలో ఎక్కువ భాగం మొక్కజొన్న పిండే. చిక్కబడటానికీ ఉడకడానికీ తేడా ఉంది. గిన్నె మధ్యలో కూడా బుడగలు తెగుతూ కనిపించాక ఇంకో మూడు నాలుగు నిమిషాలు, అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. నోట్లో పచ్చివాసన వచ్చేది కూడా ఇందుకే. పండ్లు కలపక ముందు తెలిస్తే మళ్లీ పొయ్యెక్కించి ఉడికించొచ్చు.

రెండోది, త్వరగా చల్లబడుతుందని డీప్ ఫ్రీజర్‌లో పెట్టారు. గడ్డకట్టి కరిగిన పిండి నీటిని పట్టి ఉంచలేదు. స్పాంజిలా ముద్ద ఒకపక్క, నీళ్లు ఒకపక్క అవుతాయి. దాన్ని ఎంత గిలక్కొట్టినా ముందున్న నునుపు రాదు.

నీళ్లు ఊరిన కస్టర్డ్ చేదుగా, పుల్లగా లేకపోతే పారబోయక్కర్లేదు. పైన తేలినదాన్ని గరిటెతో తీసేసి, లీటరు పాలకి 60 గ్రాముల పొడితో చిక్కటి కస్టర్డ్ విడిగా కాచి, పూర్తిగా చల్లార్చి కలిపితే చాలావరకు దారికొస్తుంది.

రాత్రి బాగుంది, పొద్దున్నకి చేదెక్కింది

బాగా వంట వచ్చినవాళ్లని కూడా దెబ్బతీసేది ఇదే. పాలు విరిగిన పులుపులా ఉండదు, మాడిన చేదులా ఉండదు. ముందు తియ్యగానే తగిలి, మింగాక నాలుక వెనకాల మందుబిళ్ల చప్పరించినట్టు చేదు నిలబడుతుంది. కొన్నిసార్లు కస్టర్డ్ సన్నటి రవ్వలా విరిగినట్టు కూడా కనిపిస్తుంది. ఎసెన్స్ ఎక్కువైందని ఒకరు, నిమ్మగింజ పడిందని ఒకరు, పాలు పాతవని ఒకరు అంటారు. పంచదార ఇంకో పావుకిలో కలిపి చూస్తారు. తీపి పెరుగుతుంది, చేదు అక్కడే ఉంటుంది.

కారణం ఉడికించని అనాస. లేదా బొప్పాయి, కివి, తాజా అంజీర్. ఈ పండ్లలో ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. అనాసలోది బ్రోమెలైన్, బొప్పాయిలోది పపైన్. బిర్యానీ మటన్‌కి పచ్చి బొప్పాయి ముద్ద ఎందుకు పట్టిస్తారో తెలిసినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ముదురు మాంసాన్ని మెత్తబరిచేదే పాల గిన్నెలో పడితే పాల ప్రోటీన్ మీద పనిచేస్తుంది. అలా తెగిన ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. పండినకొద్దీ బొప్పాయిలో ఈ గుణం తగ్గుతుంది గానీ, రాత్రంతా నానడానికి వదిలేస్తే ఆ మిగిలింది చాలు.

ఈ చేదు ముందుగా ఎందుకు దొరకదంటే, దీనికి టైమ్ కావాలి. కలిపిన వెంటనే రుచి చూస్తే ఏమీ తెలియదు. ఫ్రిజ్ చల్లదనం దీన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. నలుగురికి చేసి అప్పటికప్పుడు తిన్నప్పుడు ఎప్పుడూ రాని చేదు, 50 మందికి ముందు రోజు చేసినప్పుడు వస్తుంది. అందుకే "ఎప్పుడూ ఇలాగే చేస్తాం, ఈసారే ఇలా అయింది" అంటారు. చేసే పద్ధతి మారలేదు, నానిన గంటలు మారాయి.

నమ్మకం లేకపోతే రెండు చిన్న కప్పుల్లో నాలుగేసి చెంచాల చల్లారిన కస్టర్డ్ తీసుకోండి. ఒకదాన్లో తాజా అనాస ముక్కని చిదిమి కలపండి, రెండోది ఊరికే వదిలేయండి. ఫ్రిజ్‌లో పెట్టకుండా గంట ఆగి రెండూ నాకి చూడండి. ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

"మేం అనాస వేయలేదు, అయినా చేదే" అనేవాళ్ల దగ్గర చూడాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. బజార్లో డబ్బాల్లో అమ్మే మిక్స్‌డ్ పండ్ల ముక్కలు తెచ్చారా? అందులో అనాస ముక్కలు ఏరి పక్కన పెట్టినా, దాని రసం ఆపిల్‌కీ ద్రాక్షకీ పట్టేసి ఉంటుంది. లేదంటే జ్యూస్ కోసం అనాస కోసిన పీట మీదే, ఆ కత్తితోనే మామిడి కోశారా? మధ్యలో పీటని కడిగి ఉంటే ఏమీ కాదు, కడగకపోతే మాత్రం అనుమానించాల్సిందే. ముక్కలన్నీ ఒకే బేసిన్‌లో పోసి ఉంచడం కూడా ఇలాంటిదే. అడుగున చేరే రసంలో అనాస వాటా ఉంటుంది, దాన్ని "రుచి పోతుంది" అని వంపకుండా కస్టర్డ్‌లో పోసేస్తారు.

అనాస వేయాలనే ఉంటే ఉడికించి వేయండి. అరకిలో ముక్కలకి 100 గ్రాముల పంచదార, అర గ్లాసు నీళ్లు పోసి, తెర్లడం మొదలయ్యాక ఐదు నిమిషాలు ఉంచండి. ముక్క అరంగుళం మించకూడదు. పెద్ద ముక్కైతే పైన ఉడికి లోపల చల్లగానే ఉంటుంది, ఎంజైము లోపల బతికే ఉంటుంది. చల్లార్చి, పాకం వడగట్టి, ముక్కలే కలపండి. ఆ పాకం నీళ్లలో కలుపుకుని తాగడానికి బాగుంటుంది. డబ్బా అనాసతో ఈ గొడవ లేదు, డబ్బాలో పెట్టేటప్పుడే దాన్ని వేడిచేస్తారు. ఫ్రీజర్‌లో దొరికే అనాసని మాత్రం తాజాదాని కిందే లెక్కేయండి, గడ్డకట్టిస్తే ఎంజైము చావదు. కివీ బొప్పాయీ ఉడికిస్తే ముద్దయిపోతాయి కాబట్టి మానేయడమే మేలు. కివి అందం కోసం తెచ్చి ఉంటే, వడ్డించే కప్పు మీద ఒక చక్రం పెట్టి వెంటనే ఇచ్చేయండి. కర్బూజతో కూడా పాలకి పడదు. నీళ్లూ ఊరతాయి, ఆలస్యమైతే చేదూ వస్తుంది.

కస్టర్డ్ బదులు చైనా గ్రాస్ పుడ్డింగ్ చేసేవాళ్లు "మాది గట్టిగా పేరుకుంది, కాబట్టి ఈ సమస్య లేదు" అనుకోవద్దు. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వచ్చేది, దాన్లో ఎంజైము తెంచడానికి ప్రోటీన్ లేదు, అందుకే పేరుకుంటుంది. దాన్లో పోసిన పాలు మాత్రం మామూలుగానే చేదెక్కుతాయి. జెలటిన్ అయితే అదే ప్రోటీన్, కాబట్టి దాంతో చేసే జెల్లీ ఈ పండ్లు పచ్చిగా వేస్తే పేరుకోవడమే ఉండదు.

చేదెక్కిన కస్టర్డ్‌కి విరుగుడు లేదు. ఐస్‌క్రీమ్ కలిపినా, యాలకుల పొడి కలిపినా దాగదు. పారబోసి, ఆ ఐస్‌క్రీమే కప్పుల్లో పెట్టి పండ్లతో ఇచ్చేయండి.

పుల్లగా, పొంగినట్టుగా ఉంది

ఇది పాడైపోవడమే. ఇక్కడ రుచి చూసి నిర్ధారించుకునే పని పెట్టుకోవద్దు. 5 లీటర్ల కస్టర్డ్‌ని లోతు గిన్నెలో మూతపెట్టి అలాగే ఫ్రిజ్‌లో తోస్తే పైన చల్లగా ఉన్నా నడిమధ్య తెల్లవారుజాము దాకా గోరువెచ్చగానే ఉంటుంది. పాలూ పిండీ వెచ్చగా ఉన్న చోట సూక్ష్మజీవులు పెరగకుండా ఉండవు, కాచినంత మాత్రాన వాటి బీజాలన్నీ చావవు. పైగా ఇంట్లో ఉండే ఫ్రిజ్ అంత వేడిని లాగలేక పక్కనున్న పెరుగునీ కూరల్నీ కూడా వెచ్చబరుస్తుంది.

పొయ్యి దించగానే రెండు మూడు వెడల్పాటి పళ్లేల్లోకి, రెండు అంగుళాల లోతు మించకుండా పోయండి. పెద్ద టబ్బులో ఐస్ నీళ్లు పోసి వాటిలో దింపి, ఐదు నిమిషాలకోసారి అడుగు నుంచి కలపండి. మీగడ కట్టకుండా ఉండేది కూడా ఇలా కలపడం వల్లే. గిన్నె మధ్యలో పెట్టిన గరిటె కాడ అడుగు చేతికి చల్లగా తగిలాకే ఫ్రిజ్‌లోకి. రెండు గంటల్లోపు ఇదంతా అయిపోవాలి. కరెంటు పోయే ఊరైతే ఐస్ పెట్టె ముందే మాట్లాడుకోండి.

ఉండలు, విరగడం, పలచబడటం

పొడిని కాగే పాలల్లో వేస్తే ఉండలు కడుతుంది. అరలీటరు చల్లటి పాలు ముందే పక్కకి తీసి వాటిలో కలిపి, పొయ్యి మీది పాలని కలుపుతూ సన్నటి ధారగా పోయాలి. కట్టేసి ఉంటే వేడి మీదే జల్లిలో వడకట్టండి.

కలపగానే విరిగితే కస్టర్డ్ ఇంకా వెచ్చగా ఉండగా పుల్లటి ద్రాక్ష, బత్తాయి లాంటివి వేశారు. రెండూ చల్లగా ఉండాలి, బత్తాయి అసలొద్దు. ఆపిల్ నల్లబడకుండా నిమ్మనీళ్లలో ముంచితే పూర్తిగా వంపి, తడి లేకుండా తుడిచి వేయండి.

సరిగ్గా ఉడికించి, పండ్లు కలపకుండా ఉంచినా పలచబడిందా? రుచి చూసిన చెంచాని మళ్లీ గిన్నెలో పెట్టినవాళ్లెవరో కనుక్కోండి. ఎంగిలిలో పిండిని తెంచే ఎంజైము ఉంటుంది. ఇంటి నిండా పిల్లలున్నప్పుడు ఇది అనుకున్నంత అరుదు కాదు.

పొడి గడువు దాటిపోవడం, పాలల్లో కల్తీ, ఇత్తడి గిన్నె చిలుమెక్కడం లాంటివి కూడా ఉంటాయి. పొడి ప్యాకెట్ తేదీ చూసుకోండి, స్టీలు గిన్నె వాడండి, అంతకు మించి వాటి గురించి ఆలోచించక్కర్లేదు.

వడ్డించేటప్పుడు మొత్తం గిన్నె ఎండలోకి తేవొద్దు. పావు వంతు బయట, మిగతాది ఐస్‌లో. బయట పెట్టింది ఎండాకాలం గంట దాటితే మళ్లీ ఫ్రిజ్‌లోది అందులో కలపకండి. ఊరెళ్లే చుట్టాలకి డబ్బాల్లో కట్టిచ్చే పని కూడా ఈ ఒక్క వంటకంతో పెట్టుకోకండి.