వర్చువల్ మెషీన్‌లో ఉబుంటు ఎక్కించే ముందు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లో కూర్చుని లినక్స్ నేర్చుకునే పిల్లల కోసం ఇది. ఉబుంటు లినక్స్‌లో ఒక రకం; వర్చువల్ మెషీన్ అంటే మన కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్. ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోయి టెన్షన్ పడేకన్నా ముందే చూసుకోవడం నయం.

• ముందు ఐఎస్ఓ ఫైలు (ఉబుంటు ఎక్కించడానికి కావలసిన ఫైలు) సంగతి. నెట్ సరిగా లేక స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటారు కదా, ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఫైలు 5 జీబీ పైనే ఉంటుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయండి, అందులోని ఫొటోలు ముందే వేరేచోట దాచుకోండి. కాపీ అయ్యాక ఎస్‌హెచ్‌ఏ256 విలువను (ఫైలు పాడైందో లేదో చెప్పే కోడ్) ఉబుంటు సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు వాడొద్దు. ఈ ఒక్క పనీ బద్ధకించకండి.

• బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేయండి.

• మెషీన్‌కు 4 జీబీ ర్యామ్, 2 ప్రాసెసర్లు, 25 జీబీ డిస్క్ ఇవ్వండి. అసలు డ్రైవ్‌లోనూ అంత ఖాళీ ఉండాలి.

• వర్చువల్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున తాబేలు బొమ్మ కనిపిస్తే విండోస్ సొంత వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ హైపర్-వి నడుస్తోందని అర్థం. పని బాగా నెమ్మదిస్తుంది, ఆగిపోయిందని పొరబడతాం.

• కరెంటు పోయినా తట్టుకునేలా బ్యాటరీ నిండుగా పెట్టుకోండి.

• అయినా ఆగిందా? వెంటనే ఆపేయకండి. అడుగునున్న హార్డ్‌డిస్క్ గుర్తు మిణుకుమంటుంటే పని జరుగుతున్నట్టే. ఫైళ్లు దిగుతున్నచోట నిలిచిపోతే, నెట్ తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. అప్‌డేట్లు తర్వాత చేసుకోవచ్చు.